కొలిమిలో కెరటాలు: సుత్తితో చేసే సముద్ర శిల్పాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇనుముతో, రాగితో అలలు, చేపలు, గవ్వలు చేస్తానని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. కొత్తగా సుత్తి పట్టినవాళ్లవి కొన్ని, శిల్పం చేయించుకుని ఆరుబయట పెట్టుకోవాలనుకునేవాళ్లవి కొన్ని. మళ్లీ మళ్లీ వచ్చే ఆ సందేహాలన్నీ ఒకచోట పెట్టాను. మీ పని ఏ దశలో ఉంటే అక్కడికే నేరుగా వెళ్లి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

సుత్తితో కొట్టి చేసినదానికీ, పోత పోసినదానికీ చూస్తే తేడా తెలుస్తుందా?

తెలుస్తుంది. పోతపనిలో లోహం కరిగి అచ్చులోకి పారుతుంది, అచ్చు ఎలా ఉంటే అలా గడ్డకడుతుంది. సుత్తిపనిలో లోహం కరగదు. మెత్తబడి, దెబ్బ పడిన చోటు నుంచి పక్కకు జరుగుతుంది. అందుకే కడ్డీ చివర సన్నబడిన తీరులో, దెబ్బకీ దెబ్బకీ మధ్య మిగిలిన పల్చటి గుంటల్లో చెయ్యి ఎటు నుంచి ఎటు నడిచిందో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని క్రాస్బీ తీరంలో శిల్పి ఆంటొనీ గోర్మ్లీ నిలబెట్టిన 100 ఇనుప మనుషులు పోత పోసినవి. పోటు వచ్చినప్పుడు మునిగి, ఆటుకు తేలుతూ సముద్రం వైపు చూస్తుంటాయి. స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ ఒడ్డున, బండల్లోంచి గాలిలోకి చాచినట్టుండే శిల్పి ఎడ్వార్డో చిల్లిడా ఉక్కు కొక్కేలు 1970ల నాటివి. ఆయన ఇనుము పని నేర్చుకున్నది కమ్మరి కొలిమి దగ్గరే. ఆ కొక్కేల వంపుల్లో కొలిమి గుణం కనిపిస్తుంది. రెండూ గొప్ప పనులే, కానీ లోహం మాట్లాడే తీరు వేరు.

నాకు కమ్మరం అస్సలు రాదు. సముద్రపు రూపాలతోనే మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు. నిజానికి కొత్తవాళ్లకు ఇవే అనువైనవి. గేటుకు చేసే చుట్టలు రెండు పక్కలా అచ్చం ఒకేలా రావాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా కంటికి తగులుతుంది. సముద్రపు నాచు ఆకులు రెండు ఒకేలా ఉండవు కాబట్టి మీ సుత్తి కొంచెం పక్కకు పోయినా రూపం చెడదు. నేనైతే ముందు నాచు, తర్వాత చేప, ఆ తర్వాత అల చేయమంటాను. శంఖం మాత్రం కనీసం ఏడాది చెయ్యి తిరిగాక పెట్టుకోండి.

ఏమేం సామాను కావాలి?

కొలిమి (గ్యాస్‌దైనా, బొగ్గుదైనా), దాగలి (లోహాన్ని పెట్టి కొట్టే ఇనుప దిమ్మె), కిలో బరువున్న సుత్తి, ఒక పక్క గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తి, రెండు మూడు రకాల పట్టకార్లు, వేడి ఉలి, వైర్ బ్రష్, నీళ్ల తొట్టి. వీటితో చాలా దూరం వెళ్లవచ్చు. కళ్లకు రక్షణ అద్దాలు, చెవులకు రక్షణ, నూలు బట్టలు, తోలు ఏప్రన్ తప్పనిసరి. సింథటిక్ బట్టలు నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి.

చేయించుకోవాలనుకుంటున్నాను. చిన్న శిల్పానికి కూడా అంత టైమ్ ఎందుకు పడుతుంది?

కడ్డీ కొలిమిలోంచి బయటికి తీశాక కొట్టడానికి దొరికేది నిమిషం లోపే. పల్చటి అంచులకైతే కొన్ని సెకన్లే. మళ్లీ కాల్చాలి, మళ్లీ కొట్టాలి. అరచేతి పొడవు చేపకే ఇలా పది పదిహేను కాకలు (కాల్చి కొట్టడాలు) పట్టవచ్చు. పెద్ద అలలో ఇలాంటి ముక్కలు పదుల కొద్దీ ఉంటాయి. వాటిని పేర్చి చూసి, విప్పి, ఒక్కోదాన్ని మళ్లీ కాస్త వంచి కలపడానికి, చేసినంత సమయం పడుతుంది. కాబట్టి గడువు మాట్లాడుకునేటప్పుడు శిల్పం పొడవు వెడల్పులు కాదు, అందులో ఎన్ని ముక్కలున్నాయో అడగండి.

## రూపం ఆలోచించేటప్పుడు

అల కదులుతున్నట్టు ఉండాలి. కదలని ఇనుములో అది ఎలా వస్తుంది?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, నాకు బాగా ఇష్టమైనది కూడా ఇదే.

ముందు అల ఎందుకు విరుగుతుందో చూడండి. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి నీటి లోతు తగ్గి, అల అడుగుభాగం నెమ్మదిస్తుంది. పైభాగం అదే ఊపులో ముందుకు పోతుంది. లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు వచ్చేసరికి పైభాగం నిలవలేక ముందుకు పడిపోతుంది. అంటే అలలో కదలిక అంతా అడుగుకూ అంచుకూ మధ్య ఉన్న తేడాలోనే ఉంది. కింద బరువు, ఆలస్యం. పైన పల్చదనం, తొందర.

ఇనుములోనూ అదే చేయాలి. అడుగున కడ్డీ మందం అలాగే ఉంచండి. పైకి వెళ్లే కొద్దీ సాగదీసి, అంచును మిల్లీమీటరు మందానికి తెచ్చి అప్పుడు వంచండి. మందం అంతటా ఒకేలా ఉన్న రేకును ఎంత అందంగా వంచినా అది వంచిన రేకులాగే ఉంటుంది. ఇంకో సంగతి: అల వీపు వాలుగా ఉంటుంది, ముఖం నిటారుగా ఉంటుంది. రెండు వైపులా ఒకే వాలు పెడితే అది కొండ అవుతుంది.

సుత్తి గుర్తుల్ని కూడా నీరు పారే దిక్కులోనే, అడుగు నుంచి అంచు వైపు వరుసగా పడేలా కొట్టండి. ఆ గుర్తుల్ని గ్రైండర్‌తో చెరిపేయకండి. వెలుగు వాటి మీద పడి జారుతుంటే, చూసేవాళ్లు ఒక అడుగు పక్కకు వేయగానే అల కూడా కదిలినట్టుంటుంది.

ఫొటో చూసి చేయవచ్చా, ఒడ్డుకు వెళ్లాలా?

కొలతలకు ఫొటో చాలు. కానీ ఫొటో అలను సెకనులో వెయ్యో వంతులో పట్టి ఆపేస్తుంది, ఆ రూపం మన కంటికి ఎప్పుడూ కనిపించేది కాదు. ఒడ్డున కూర్చుని ఒకే చోటును అరగంట చూడండి. అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుక మీద గీసే గీత, గులకరాయి వెనక నీరు చీలి మళ్లీ కలిసే తీరు లాంటిది ఒక్కటే పట్టుకోండి. ఆ తర్వాత కాగితం మీద కాకుండా మెత్తటి తీగను వేళ్లతో వంచి నమూనా చేసుకోండి. తీగకు రానిది కడ్డీకీ రాదు.

నురగ ఎలా చూపించాలి? ఎంత ప్రయత్నించినా గడ్డలు గడ్డలుగా వస్తోంది.

బుడగలు చేయబోతే గడ్డలే వస్తాయి. నురగను ఖాళీలతో చూపించాలి. అల అంచును బాగా పల్చగా సాగదీసి, వేడిగా ఉండగా రకరకాల సైజుల్లో రంధ్రాలు పొడవండి. అంచు దగ్గర దగ్గరదగ్గరగా, లోపలికి పోయేకొద్దీ దూరందూరంగా ఉండాలి. కొన్ని రంధ్రాలు అంచును తెంపుకుని బయటికి రానివ్వండి. వెనక నుంచి వెలుగు వస్తే అది నురగే. సుత్తి గుండ్రటి తలతో కొట్టిన గుంటలు కూడా పనికొస్తాయి, కానీ అవి తడి ఇసుకకు ఇంకా బాగా నప్పుతాయి.

సముద్రపు నాచు ఆకుల అంచు కుచ్చులు కుచ్చులుగా ఎలా తిప్పుతారు?

ఎవరూ తిప్పరు, దానంతట అదే తిరుగుతుంది! పల్చటి పట్టీ తీసుకుని నారింజ రంగుకు కాల్చండి. దాగలి అంచు మీద పెట్టి, పట్టీ అంచు వెంబడి మాత్రమే సుత్తి సన్న తలతో దగ్గరదగ్గరగా కొట్టుకుంటూ పోండి. అంచు పల్చబడి పొడవు పెరుగుతుంది. నడిమి భాగం పొడవు మాత్రం అలాగే ఉంటుంది. పెరిగిన పొడవుకు చోటు లేక అంచు ఒకసారి పైకి, ఒకసారి కిందికి లేస్తుంది. మొదటి కాకలో చిన్నగా వంకర పోతుంది, మూడో కాకకు పావడా కుచ్చిళ్లలా నిలబడుతుంది. నిజమైన నాచులో కూడా ఇదే జరుగుతుంది. ఆకు నడుమకంటే అంచు త్వరగా పెరగడం వల్లే ఆ కుచ్చులు. పట్టకారుతో ఒక్కో మడత వంచి చేసినదాన్ని, ఇలా వచ్చినదాన్ని పక్కపక్కన పెడితే ఏది బతికి ఉందో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

శంఖం చుట్ట గేటు చుట్టలా అయిపోతోంది. ఎందుకు?

గేటు చుట్టలో వరుసల మధ్య దూరం దాదాపు సమానంగా ఉంటుంది. గవ్వలు, శంఖాలు పెరిగే తీరు వేరు. ప్రతి చుట్టుకూ వరుసల మధ్య ఎడం ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోతుంది. అంతేకాదు, కడ్డీ మందం కూడా అదే లెక్కన పెరగాలి. కాబట్టి చుట్టడానికి ముందే కడ్డీని మొదలు నుంచి చివర దాకా పొడవుగా, సమంగా సన్నబరచాలి. చివరి జానెడు మాత్రమే సన్నగా చేసి చుడితే గేటు గుర్తొస్తుంది.

## లోహం ఎంచుకునేటప్పుడు

ఏ లోహం మంచిది?

ఎక్కడ పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంటి లోపలికైతే మైల్డ్ స్టీల్‌కు (కార్బన్ తక్కువగా ఉండే మామూలు ఉక్కుకు) మించింది లేదు. సుత్తికి లొంగుతుంది, కొలిమి నలుపు, అంటే కాల్చినప్పుడు పైన పట్టే నల్లటి పొర, అందంగా నిలుస్తుంది. ఆరుబయటకు, ముఖ్యంగా ఉప్పుగాలికి, 316 రకం స్టెయిన్‌లెస్ మేలు. అందులో 2 నుంచి 3 శాతం ఉండే మాలిబ్డినమ్ ఉప్పు దాడిని బాగా తట్టుకుంటుంది. కాకపోతే అది మొండిది. మైల్డ్ స్టీల్‌కంటే గట్టి దెబ్బలు కావాలి, వేడి కూడా కొంచెం ఎక్కువే కావాలి. రాగి పొలుసులకు, రెక్కలకు, గవ్వలకు అద్భుతంగా ఉంటుంది. ఉప్పుగాలికి చిలుము పట్టినా ఆ చిలుమే దానికి కవచం అవుతుంది.

తుప్పు రంగులో అలాగే ఉండిపోయే కార్టెన్ ఉక్కు సముద్రం పక్కన వాడవచ్చా?

వద్దనే చెబుతాను. కార్టెన్ మీద తుప్పు గట్టి పొరగా ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడాలంటే అది తడుస్తూ, పూర్తిగా ఆరుతూ ఉండాలి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఉపరితలాన్ని ఆరనివ్వదు. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను కుదురుగా ఏర్పడనివ్వదు. ఫలితం, పొర నిలవకుండా తుప్పు పొరలు పొరలుగా రాలుతూనే ఉంటుంది. ఒడ్డుకు బాగా దూరంగా, లోతట్టు ప్రాంతాల్లో అయితే నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

పాత పడవ గొలుసు, లంగరు ముక్కలు దొరికాయి. కొలిమిలో పెట్టి వాడవచ్చా?

ముందు వాటి మీద ఏముందో చూడండి. పడవ గొలుసులకు చాలావరకు జింకు పూత ఉంటుంది. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, కొలిమి వేడి దానికంటే ఎక్కువ. తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం మొదలవుతాయి. పాత పడవ రంగుల్లో సీసం ఉండే అవకాశం కూడా ఉంది. అనుమానం ఉన్న ముక్కను కాల్చకండి. దొరికినది దొరికినట్టే శిల్పంలో చల్లగా బిగించండి. ఆ అరుగుదలే దాని అందం. గుంటల్లో ఉప్పు దాగి ఉంటుంది కాబట్టి మంచినీళ్లు మార్చుతూ కొన్ని వారాలు నానబెట్టాకే పూత వేయండి.

## కొలిమి దగ్గర

ఏ రంగులో ఉన్నప్పుడు కొట్టాలి? ఎప్పుడు ఆపాలి?

మైల్డ్ స్టీల్‌ను బాగా సాగదీయాలంటే పసుపు రంగు, అంటే దాదాపు 1100 నుంచి 1200 డిగ్రీలు. వంపులకు నారింజ చాలు. ముదురు ఎరుపుకు దిగాక పెద్ద దెబ్బలు ఆపేయాలి. అప్పుడు కూడా కొడుతూ ఉంటే లోహం సాగదు, పగుళ్లు మొదలవుతాయి. తెల్లబడి మతాబులా రవ్వలు చిమ్మితే ఇనుము కాలిపోతున్నట్టే. ఆ ముక్క కోసి పారేయడం తప్ప దారి లేదు. కొలిమి దగ్గర నీడ ఉండాలని ఎప్పుడూ చెబుతాను. ఎండలో నారింజ రంగు కూడా నల్లగా కనిపించి మోసం చేస్తుంది.

అలకు ఎంత పొడవు కడ్డీ తీసుకోవాలో ఎలా లెక్కవేయాలి?

లోహం ఎటు జరిగినా దాని ఘనపరిమాణం మారదు, ఆ ఒక్కటి గుర్తుంటే చాలు. 20 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ 100 మిల్లీమీటర్ల పొడవు తీసుకుని 10 మిల్లీమీటర్ల చదరానికి తెస్తే, 400 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది. అదే ముక్కను ఒక చివర 20 మిల్లీమీటర్లే ఉంచి, రెండో చివరకు సూదిమొనలా సాగదీస్తే 300 వస్తుంది. ప్రతి కాకలోనూ కొంత లోహం నల్లటి పొలుసుగా రాలిపోతుంది కాబట్టి లెక్కకు కాస్త పైనే కోసుకోండి.

చేప లోపల బోలుగా ఉండాలి. పైపుతో చేయవచ్చా?

చేయవచ్చు. పైపు చివర్లను కాల్చి, తిప్పుతూ కొడితే రెండు పక్కలా సన్నబడి చేప ఒళ్లు వచ్చేస్తుంది. కానీ రెండు చివర్లూ పూర్తిగా మూసేసి ఎప్పుడూ కాల్చకండి. లోపల చిక్కిన గాలి, ఇంకా ముఖ్యంగా తేమ, వేడికి వ్యాకోచించి పైపు పేలుతుంది. నోటి దగ్గరో, పొట్ట కిందో ఒక రంధ్రం ఉండాలి. పని పూర్తయ్యాక కూడా ఆ రంధ్రం ఉంచేస్తేనే లోపల చేరిన నీరు బయటికి పోతుంది.

రాగి రేకు కాసేపు కొట్టగానే గట్టిపడి అంచులు చిరుగుతున్నాయి. ఏం చేయాలి?

రాగిని చల్లగానే కొట్టవచ్చు, కానీ దెబ్బలకు అది బిగుసుకుపోతుంది. సుత్తి మోత మారడం మీకే వినిపిస్తుంది. మొద్దు చప్పుడు కాస్తా ఖంగుమనే చప్పుడవుతుంది. అది వినగానే ఆపి, నీడలో మసక ఎరుపు కనిపించేదాకా కాల్చి నీళ్లలో ముంచండి. ఉక్కు అలా చేస్తే గట్టిపడవచ్చు, రాగి మాత్రం మళ్లీ మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లటి పొర గోరువెచ్చటి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడితే పోతుంది. లోతైన గవ్వకు ఇలా ఆరేడుసార్లు చేయాల్సి రావచ్చు. ఒక్కసారి మానేసినా చిరుగుతుంది.

## రంగు, పూత

రాగి మీద సముద్రపు నీలి ఆకుపచ్చ తెప్పించడం ఎలా?

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున కొంచెం అమ్మోనియా పోయండి. శుభ్రం చేసిన రాగి ముక్కను ఉప్పునీళ్లతో తడిపి, అమ్మోనియాకు తగలకుండా డబ్బాలో వేలాడదీసి మూత పెట్టండి. కొన్ని గంటల్లో రంగు తిరగడం మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో నీలం చిక్కబడుతుంది. ఉప్పునీళ్లు చుక్కలుగా చల్లితే చుక్కలుగా, పూస్తే మబ్బులా వస్తుంది. తీశాక తొందరపడకుండా పూర్తిగా ఆరనిచ్చి, ఆపైన లక్క పూతో మైనమో వేయండి. పూత వేయగానే రంగు కాస్త ముదురుతుంది, అది మామూలే. ఈ పని గాలాడే చోట, చేతులకు తొడుగులతో చేయాలి. అమ్మోనియాను బ్లీచింగ్ ద్రవంతో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

రంగు వేయకుండా ఉక్కు మీదే నీలం వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. మెరుగుపెట్టిన ఉక్కును నెమ్మదిగా వేడి చేస్తే దాదాపు 220 డిగ్రీలకు ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం వస్తాయి. ఇది ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి కనిపించే రంగు. చాలా పల్చటి పొర కాబట్టి ఇంటి లోపల మాత్రమే నిలుస్తుంది.

కొలిమి నలుపు అలాగే ఉంచాలని ఉంది. పైన ఏం పూయాలి?

వదులుగా ఉన్న పొలుసును వైర్ బ్రష్‌తో రాల్చేసి, ముక్కను తేనెమైనం రాస్తే పొగ వచ్చేంత, మంట అంటుకోనంత వేడి చేసి పూయండి. మైనంలో కొంచెం అవిసె నూనె కలిపితే పొర గట్టిగా ఉంటుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఆరే క్రమంలో వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. విడదీసి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

## సముద్రం దగ్గర నిలబెట్టేటప్పుడు

మా ఇల్లు ఒడ్డున లేదు, కొంచెం లోపలికి ఉంది. అయినా ఉప్పు సమస్య ఉంటుందా?

ఉంటుంది. మొదటి కొన్ని వందల మీటర్లలో తీవ్రంగా ఉంటుంది, కానీ గాలివాటాన్ని బట్టి ఉప్పు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వస్తుంది. కిటికీ అద్దాల మీద తెల్లటి మసక పొర పడుతోందంటే మీ శిల్పం మీదా పడుతున్నట్టే.

ఉక్కుకు జింకు పూత వేయిస్తే సరిపోతుందా? సుత్తి గుర్తులు పోతాయా?

ముంచి తీసే జింకు పూత ఉక్కుకు మంచి రక్షణ. 6 మిల్లీమీటర్లకు మించిన మందానికి సాధారణంగా 85 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర పడుతుంది. పెద్ద సుత్తి గుర్తులు నిలుస్తాయి, సన్నటి ఉలి గీతలు మాత్రం కొంత పూడుకుపోతాయి. అందుకే జింకు పూతకు పంపే చేపకు పొలుసు గీతలు మామూలుకంటే లోతుగా కొడతాను. తొట్టిలో కరిగిన జింకు 450 డిగ్రీల వేడితో ఉంటుంది. మూసి ఉన్న బోలు భాగం అందులో పేలగలదు, గాలి రంధ్రాలు ముందే పెట్టాలి. జింకు మీద ఎపాక్సీ, ఆపైన పాలీయురేథేన్ రంగు వేయిస్తే ఇంకా చాలా ఏళ్లు వస్తుంది.

ఉక్కు చేపకు రాగి రెక్కలు పెట్టవచ్చా?

లోపలైతే హాయిగా పెట్టండి. ఉప్పుగాలిలో జాగ్రత్త. మొదట్లో నేనొక పెద్ద చేపకు వెడల్పాటి రాగి రెక్కలు చేసి, ఉక్కు రివెట్లతో బిగించాను. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉండేది. ఒడ్డున పెట్టిన కొన్నాళ్లకు రివెట్ల చుట్టూ గోధుమ రంగు వలయాలు వచ్చాయి, తర్వాత ఒక్కో రివెట్ తల ఊడి రెక్క వేలాడింది. ఇప్పటికీ ఆ రెక్కను ఎదురుగానే పెట్టుకున్నాను. జరిగిందేమిటంటే, రెండు లోహాలు ఉప్పునీటిలో తాకితే బ్యాటరీలా పనిచేస్తాయి, ఉక్కు కరిగి రాగి మిగులుతుంది. రాగి పెద్దదిగా, ఉక్కు చిన్నదిగా ఉంటే ఇది మరీ వేగంగా జరుగుతుంది. బిగించే రివెట్లు కూడా రాగివే వాడి, రెండు లోహాల మధ్య నైలాన్ వాషర్లు పెట్టి, రివెట్ చుట్టూ నైలాన్ గొట్టం తొడిగి, ఎక్కడా నేరుగా తాకకుండా చూడండి.

పెద్ద గాలికి పడిపోదా?

గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, కాబట్టి మామూలు రోజు చూసి ధీమా పడకండి. అల అంచులో పొడిచిన రంధ్రాలు, ముక్కల మధ్య ఖాళీలు గాలిని పోనిస్తాయి. అడ్డంగా ఉన్న రేకు మాత్రం తెరచాపే. మనిషి ఎత్తు దాటిన శిల్పానికి పునాది, బోల్టుల లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుతో వేయించండి. దిమ్మె పైభాగం వాలుగా ఉండాలి, నీరు నిలిచే చోటే మొదట తుప్పు పట్టేది.

## పెట్టిన తర్వాత

316 స్టెయిన్‌లెస్ అన్నారు, అయినా టీ మరకల్లా వస్తున్నాయి. మోసపోయామా?

తప్పకుండా మోసం అనుకోనక్కర్లేదు. ఒడ్డున 316 మీద కూడా ఇలాంటి మరకలు వస్తాయి. చాలావరకు పైపైనే ఉంటాయి. గరుకు ఉపరితలం మీద, ఉప్పు నిలిచే మూలల్లో ఎక్కువ. కాల్చినప్పుడు ఏర్పడిన పొరను ఆమ్లంతో పూర్తిగా తీసేయకపోయినా, మామూలు ఉక్కుకు వాడిన వైర్ బ్రష్‌తో రుద్దినా మరకలు త్వరగా వస్తాయి. ఆ ఆమ్లపు పేస్టులు చాలా ప్రమాదకరం, అనుభవం ఉన్నచోటే చేయించండి. మరకను నైలాన్ ప్యాడ్‌తో రుద్ది కడగండి, స్టీల్ పీచు తాకించవద్దు.

ఎన్నాళ్లకొకసారి శుభ్రం చేయాలి?

ఒడ్డునే ఉంటే నెలకొకసారి మంచినీళ్లతో కడగండి, చాలు. వాన తగలని చోట్లు, అంటే అల కింది వంపు, చేప పొట్ట, గవ్వ లోపలి భాగం, ముఖ్యంగా చూసుకోండి. వాన పడే భాగాల్ని వానే కడుగుతుంది. మైనం పూత ఉన్నవాటికి నీటిబొట్టు గుండ్రంగా నిలవడం మానేసిందంటే మళ్లీ పూయాల్సిన రోజు వచ్చింది.

రంగు లేచి ఒకచోట తుప్పు కనిపిస్తోంది. మొత్తం ఊడదీయాలా?

అక్కర్లేదు. చెయ్యి వెడల్పు మేర గట్టి రంగు వచ్చేదాకా గీకి, తుప్పు పోయేదాకా రుద్ది, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరాక జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్, ఆపైన రంగు వేయండి. కడగకుండా వేస్తే గుంటల్లోని ఉప్పు కొద్ది నెలల్లో అదే చోట బుడగలా లేస్తుంది. రుద్దేటప్పుడు సుత్తి గుర్తుల వెంబడే చెయ్యి నడపండి, అడ్డంగా రుద్దితే ఆ చోటు మిగతా అలతో కలవదు.